తనిఖీ ఎవరి కోసం?

కరాచీ నగరంలోని బల్దియా టౌన్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ ఉండేది. 2012 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీకి ఒక సర్టిఫికెట్ వచ్చింది. దాని పేరు ఎస్.ఏ. 8000. ఇక్కడ పిల్లలచేత పని చేయించడం లేదు, బలవంతపు చాకిరీ లేదు, కార్మికుల ప్రాణాలకు రక్షణ ఉంది అని ప్రపంచానికి చాటిచెప్పే పత్రమది. ఆ పత్రాన్ని ఇచ్చింది ఇటలీకి చెందిన రీనా అనే సంస్థ. తనిఖీ చేసినది మాత్రం రీనా తరఫున పనిచేసే ఒక స్థానిక కంపెనీ.

కొద్ది వారాలు గడిచాయి. సెప్టెంబరు 11 సాయంత్రం ఆ ఫ్యాక్టరీ అంటుకుంది. కిటికీలకు ఇనుప ఊచలు బిగించి ఉన్నాయి. బయటికి పోయే దారులకు తాళాలు పడి ఉన్నాయి. 250 మందికి పైగా స్త్రీ పురుషులు లోపలే కాలి, పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వారిలో ఎంతోమంది మొహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఇళ్ళకు చేరారు.

అది ప్రమాదం కాదనీ, ముడుపులు ఇవ్వనందుకు కావాలనే నిప్పు పెట్టారనీ ఆ తర్వాత విచారణలో తేలింది. 2020 సెప్టెంబరులో కరాచీలోని న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష విధించింది. ఈ సంగతిని దాచిపెట్టి మేము రాయదలచుకోలేదు. అయితే నిప్పు ఎవరు పెట్టినా తాళం వేసినది వారు కాదు, ఊచలు బిగించినది వారు కాదు. తాళం వేసి ఉన్న తలుపు తనిఖీకి వచ్చినవారి కంట ఎలా పడలేదు? పాఠకుల ముందు ఈ రోజు మేము ఉంచదలచిన ప్రశ్న ఇదే.

ఈ ప్రైవేటు తనిఖీ అనే వ్యవహారం ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పుకోవాలి. మనం పండుగకు కొనే చొక్కా వెనుక చాలా చేతులు ఉంటాయి. పత్తి ఒక దేశంలో పండుతుంది, నూలు మరోచోట వడుకుతారు, బట్ట ఇంకోచోట నేస్తారు, కుట్టు ఢాకాలోనో కరాచీలోనో తిరుప్పూరులోనో జరుగుతుంది, అమ్మకం జర్మనీలోనో అమెరికాలోనో. అమ్మే కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉండదు. ఫ్యాక్టరీ యజమానికి సొంత బ్రాండు ఉండదు. కార్మికుడికి అన్యాయం జరిగితే, ఫ్యాక్టరీ మాది కాదని బ్రాండు కంపెనీ చెబుతుంది. వాళ్ళిచ్చే ధరకు ఇంతకంటే చేయలేమని యజమాని చెబుతాడు. 1990 దశకంలో పత్రికలు, విద్యార్థులు, వినియోగదారులు ఈ తప్పించుకునే ధోరణిని నిలదీశారు. అమెరికాలోని లెవీ స్ట్రాస్ కంపెనీ 1991లోనే తన సరఫరాదారులకు ఒక నియమావళి రాసింది, మరుసటి సంవత్సరం నైకీ రాసింది. తర్వాత అందరూ రాశారు. రాసిన నియమాలు అమలవుతున్నాయా లేదా అని చూడటానికి మనుషులు కావలసి వచ్చారు. ప్రభుత్వాల ఇన్‌స్పెక్టర్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. అలా ప్రైవేటు ఆడిటర్లు బయలుదేరారు. 1997లో ఎస్.ఏ. 8000 ప్రమాణం వచ్చింది. ఇప్పుడదొక పెద్ద వ్యాపారం.

ఉద్దేశం చెడ్డదని మేము అనడం లేదు. మొదట్లో దాన్ని నడిపినవారిలో చిత్తశుద్ధి గలవారు ఉన్నారు. కానీ తనిఖీ చేసేవారికి డబ్బు ఎవరిస్తారు? చాలా సందర్భాల్లో తనిఖీకి గురయ్యే ఫ్యాక్టరీయే ఇస్తుంది, లేదంటే దాని దగ్గర సరుకు కొనే కంపెనీ ఇస్తుంది. సర్టిఫికెట్ రాకపోతే ఇద్దరికీ నష్టం. గట్టిగా పట్టుకునే ఆడిటర్‌ను వచ్చే ఏడు పిలవరు. ఇక నివేదిక ఎవరికి చేరుతుంది? డబ్బిచ్చినవారికి. ఎవరి ప్రాణం గురించి రాశారో ఆ కుట్టుపనివాడికి అందులో ఒక్క ముక్క కూడా చూపరు.

ఈ తనిఖీల తంతు మాకు కొత్త కాదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారెవరికీ కొత్త కాదు. మేము చాలాకాలం కిందట పనిచేసిన ఒక పాఠశాలకు ఏటా తనిఖీ అధికారి వచ్చేవారు. వచ్చే తేదీ వారం ముందే తెలిసేది. గోడలకు సున్నం పడేది. హాజరు పట్టీలో ఖాళీలు నిండేవి. చురుకైన నలుగురు పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, అడగబోయే ప్రశ్నలకు జవాబులు బట్టీ వేయించేవాళ్ళం. అయ్యగారు వచ్చేవారు, ముందు వరుసను చూసేవారు, చాయ్ తాగేవారు, సంతృప్తికరం అని రాసి సంతకం చేసేవారు. పెరట్లోని నల్లాలో నీళ్ళు రాక మూడు నెలలైందని, ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరుగెడుతున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేము కూడా చెప్పలేదు. ఉద్యోగ భయం! పిల్లలకు సత్యసంధత పాఠం చెప్పిన నోటితోనే ఆ రోజు మౌనం పాటించామని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఫ్యాక్టరీల్లో జరిగేదీ ఇదే. ఆడిటర్ వచ్చే రోజు ముందే తెలుస్తుంది. జీతాల రిజిస్టర్లు రెండు ఉంటాయి, ఒకటి చూపడానికి, ఒకటి నిజానికి. ఏం అడిగితే ఏం చెప్పాలో సూపర్‌వైజర్ ముందురోజే చెప్పి ఉంచుతాడు. తాళాలు ఆ పూటకు తెరుచుకుంటాయి. ఆ గదిలో, యజమాని మనుషులు చూస్తుండగా, నీకు ఏమైనా ఇబ్బంది ఉందా అని ఒక పరాయి మనిషి అడిగితే, ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఏమని చెబుతుంది?

బజారును తనిఖీ చేయడం మన చరిత్రలో కొత్త సంగతి కాదు గనుక ఇక్కడ ఒక విషయం జ్ఞాపకం చేయడం అవసరమనిపిస్తోంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా అంగడిలో ధాన్యపు రాశి దగ్గర ఆగిన వృత్తాంతం మనలో చాలామందికి తెలిసినదే. పైకి గింజలు ఎండి చక్కగా కనిపిస్తున్నాయి. ఆయన (స) చేతిని రాశి లోపలికి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెప్పాడు. అలాగైతే తడిసిన దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) మందలించారు. ఆయన వర్తకుడి మాట మీద ఆధారపడలేదు, రాశి పైభాగాన్ని చూసి తృప్తిపడలేదు. చేయి లోపల పెట్టారు.

తర్వాతి కాలంలో ఈ బాధ్యత ముహ్తసిబ్ అనే అధికారిది అయింది. హిజ్రీ 450లో, అంటే 1058లో, పరమపదించిన ఇమామ్ మావర్దీ తన 'అల్ అహ్‌కామ్ అస్ సుల్తానియ్యా' గ్రంథంలో ఈ పదవి గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే రాశారు. మదర్సాలో చదువుకునే రోజుల్లో ఆ అధ్యాయం మాకు పాతకాలపు తూనికలు కొలతల వ్యవహారంగానే కనిపించింది. ఇప్పుడు తిరిగి చూస్తే వేరుగా ఉంది. మంచిని ఆజ్ఞాపించే పని స్వచ్ఛందంగా చేసేవాడికీ, ముహ్తసిబ్‌కూ మధ్య ఉన్న తేడాలను ఆయన ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ముహ్తసిబ్‌కు అది తప్పించుకోరాని విధి. ఎవరైనా ఫిర్యాదు తెస్తే జవాబివ్వక తప్పదు. సహాయకులను పెట్టుకోవచ్చు, తప్పు చేసినవాణ్ణి దండించవచ్చు. అతని జీతం బైతుల్‌మాల్ నుంచి, అనగా ప్రజల ఖజానా నుంచి వస్తుంది. సేవకులచేత శక్తికి మించిన పని చేయించే యజమానిని, పశువుల మీద మోయలేని బరువు వేసేవాణ్ణి, మునిగిపోయేంతగా పడవలో సరుకు నింపేవాణ్ణి అతడు ఆపాలి.

నేటి ప్రైవేటు ఆడిటర్‌ను ఈ కొలబద్ద పక్కన నిలబెట్టి చూడండి. అతడు ముహ్తసిబ్ కాడు, దండించే అధికారం లేదు. స్వచ్ఛంద సేవకుడూ కాడు, ఫీజు తీసుకుంటాడు. కార్మికుడు ఫిర్యాదు చేస్తే జవాబివ్వవలసిన విధి అతనికి లేదు. అతని భోజనం ధాన్యపు రాశి యజమాని ఇంటి నుంచే వస్తోంది.

కరాచీ దుర్ఘటన జరిగి ఎనిమిది నెలలైనా గడవకముందే బంగ్లాదేశ్‌లో అంతకంటే ఘోరం జరిగింది. ఢాకా పొలిమేరలోని సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం 2013 ఏప్రిల్ 24 ఉదయం కుప్పకూలింది. 1,100 మందికి పైగా మరణించారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి, ఎందుకంటే బ్యాంకు ఉద్యోగుల ప్రాణం విలువైనది! పై అంతస్తుల్లోని కుట్టుపనివారిని మాత్రం, లోపలికి రాకపోతే జీతం కోస్తామని బెదిరించి పంపారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీల్లో కొన్నింటిని ప్రైవేటు ఆడిటర్లు అప్పటికే తనిఖీ చేసి ఉన్నారు. తర్వాత వారిని ప్రశ్నిస్తే, భవనం గట్టిదా కాదా అని చూడటం మా పని కాదు, మేము ఇంజనీర్లం కాము అన్నారు. నిజమే, వారి ఒప్పందంలో ఆ పని లేదు. గదిలోని మంచినీళ్ళ కుండను, గోడ మీది నోటీసును పరీక్షించారు. గోడను పరీక్షించలేదు.

ఆ వెయ్యి ప్రాణాల మీద ఒక మేలు కూడా పుట్టిందని చెప్పకపోతే మేము అన్యాయం చేసినవారమవుతాము. 2013 మే నెలలో అంతర్జాతీయ కార్మిక సంఘాలు, పాశ్చాత్య బ్రాండ్లు కలిసి అకార్డ్ అనే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఇది నియమావళి కాదు, న్యాయస్థానంలో చెల్లే ఒప్పందం. 200కు పైగా కంపెనీలు చేరాయి. సుమారు 1,600 ఫ్యాక్టరీలకు ఇంజనీర్లు వెళ్ళారు. తాళం పడే తలుపులు, మంటను ఆపలేని మెట్ల దారులు, మోయలేనంత సరుకు పేర్చిన అంతస్తులు, ఇలా లక్షకు పైగా లోపాలు బయటపడ్డాయి. కొన్ని భవనాలను అప్పటికప్పుడు ఖాళీ చేయించారు. ప్రతి ఫ్యాక్టరీ నివేదికనూ పేరుతో సహా ఎవరైనా చదువుకునేలా ప్రకటించారు. ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు కార్మికుడికి ఇచ్చారు. బాగుచేయని 100కు పైగా ఫ్యాక్టరీలతో వ్యాపారం నిలిపివేశారు. డబ్బు ఇవ్వడంలో జాప్యం చేసిన బ్రాండ్లను కార్మిక సంఘాలు హేగ్ నగరంలోని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి ఈడ్చాయి. 2018 జనవరిలో ఒక బ్రాండు 23 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. 2023 నుంచి ఇటువంటి ఒప్పందమే పాకిస్తాన్‌లోనూ మొదలైంది. బల్దియా టౌన్ తల్లులు పదేళ్ళకు పైగా ఎదురుచూసిన తర్వాత!

అకార్డ్ వల్ల భవనాలు గట్టిపడ్డాయి, జీతాలు మాత్రం గట్టిపడలేదు. బంగ్లాదేశ్ దుస్తుల కార్మికుల కనీస వేతనం 2023 చివరలో నెలకు 12,500 టాకాలుగా నిర్ణయమైంది. దానికి ముందు జరిగిన ఆందోళనల్లో కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చొక్కాకు ఎక్కువ ధర ఇవ్వమని ఏ ఆడిటరూ ఏ బ్రాండుకూ చెప్పడు. ఆ ప్రశ్న వారి ఫారంలోనే ఉండదు.

ఇంకొక వైపు కూడా చూడాలి. మంచి మనసుతో చేసిన తనిఖీ పేదవాడి పొట్ట మీద పడిన సందర్భం ఉంది. అల్లామా ఇక్బాల్ పుట్టిన ఊరు సియాల్‌కోట్ ప్రపంచానికి ఫుట్‌బాళ్ళు కుట్టి ఇచ్చే ఊరు. 1996లో అక్కడ ఒక బాలుడు బంతి కుడుతున్న ఫోటో అమెరికా పత్రికలో వచ్చాక పెద్ద అలజడి రేగింది. 1997 ఫిబ్రవరిలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్, సియాల్‌కోట్ వాణిజ్య మండలి కలిసి అట్లాంటాలో ఒప్పందం చేసుకున్నాయి. ఇళ్ళలో జరిగే కుట్టుపనిని తనిఖీకి వీలుగా కేంద్రాలకు మార్చారు. పిల్లలు చాలావరకు పని నుంచి బయటపడ్డారు. అల్హమ్దులిల్లాహ్. కానీ ఇల్లు విడిచి కేంద్రాలకు వెళ్ళలేని స్త్రీలు ఎందరో తమ సంపాదనను పోగొట్టుకున్నారు. 2006 నవంబరులో, బంతులు మళ్ళీ ఇళ్ళలో కుట్టిస్తున్నారని నైకీ అక్కడి పెద్ద ఫ్యాక్టరీతో ఒప్పందం తెంచుకుంది. తప్పు చేసినది యజమాని. వీధిన పడినది వేల కుటుంబాలు.

ఈ సంగతి మన ఇళ్ళకు దూరం కాదు. హైదరాబాదు పాతబస్తీలో జరీ పని చేసే అక్కచెల్లెళ్ళు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లులు గడప దాటకుండానే సంపాదిస్తారు. వారి ఇంటికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు, రావాలని కూడా వారు కోరుకోరు. పరాయి మనిషి తలుపు తట్టి సోదా చేయడం మన మర్యాద కాదు. అందుకే ఇంటి పనిని నిషేధించండి అనడం తేలిక. ఆ పనికి తగిన కూలీ, పుస్తకంలో పేరు, జబ్బు చేస్తే వైద్యం ఇప్పించండి అనడమే కష్టం. ఈ కష్టమైన మాటనే అడగాలని మా అభిప్రాయం.

ఆంధ్ర తీరం నుంచి రొయ్యలు గడ్డకట్టించి అమెరికాకు పంపుతున్నారు. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ మన దేశపు రొయ్యల పరిశ్రమ మీద ఒక నివేదిక వెలువరించింది. అప్పుల్లో చిక్కుకున్న కార్మికులు, అధిక పనిగంటలు, సరైన వసతి లేని గదులు, ఇవీ అందులోని ఆరోపణలు. అదే సమయంలో ఒక ప్రాసెసింగ్ కంపెనీలో మేనేజరుగా పనిచేసిన అమెరికన్ కూడా బయటికి వచ్చి ఆరోపణలు చేశాడు. కంపెనీ వాటిని ఖండించింది. ఎవరి మాట నిజమో తేల్చేది మేము కాదు. అయితే ఆ పరిశ్రమలోనూ అమెరికా దుకాణదారులకు చూపే సర్టిఫికెట్లు ఉన్నాయన్నది మాత్రం గమనించదగిన విషయం.

మరి ఏది పనికొస్తుంది? మన పొరుగున తమిళనాడులోని దిండిగల్‌లో ఒక ఉదాహరణ ఉంది. 2021 జనవరిలో అక్కడి దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతిని ఆమె సూపర్‌వైజరే హత్య చేశాడు. ఆ ఫ్యాక్టరీకి కూడా ఆడిట్లు జరుగుతూనే ఉండేవి. స్త్రీలే నడిపే ఒక కార్మిక సంఘం పోరాడి 2022లో యాజమాన్యంతోనూ, స్వీడన్‌కు చెందిన కొనుగోలు కంపెనీతోనూ ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం కార్మిక స్త్రీలలోనే కొందరికి శిక్షణ ఇచ్చి పర్యవేక్షకులుగా నిలిపారు. బయటి మనిషి ఏడాదికొకసారి రావడం కాదు, పక్క మిషను దగ్గర కూర్చున్న ఆమే చూస్తుంది, ఆమే చెబుతుంది, చెప్పినందుకు ఉద్యోగం పోదని కాగితం మీద రాసి ఉంటుంది. మా పాఠశాలలో అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే నల్లా సంగతి మేము చెప్పి ఉండేవాళ్ళమేమో!

చట్టాలు కూడా కదిలాయి. ఫ్రాన్సు 2017లో, జర్మనీ 2021లో పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల వద్ద జరిగే అన్యాయానికి జాగ్రత్త వహించాలని చట్టాలు చేశాయి. ఐరోపా సమాఖ్య 2024లో అటువంటిదే ఆమోదించి, 2025లో అమలును వాయిదా వేసింది. వ్యాపారుల ఒత్తిడి అంటే అదే.

బల్దియా బాధితుల మాటకు వద్దాం. ఆ ఫ్యాక్టరీ దగ్గర అత్యధికంగా సరుకు కొన్నది కిక్ అనే జర్మన్ కంపెనీ. బాధితుల సంఘం పోరాటం వల్ల 2016లో అది 51 లక్షల 50 వేల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ సొమ్ము నుంచి కుటుంబాలకు పింఛను అందుతోంది. బాధితుల్లో నలుగురు జర్మనీలోని డార్ట్‌మండ్ కోర్టుకు వెళ్ళారు. గడువు మించిందని 2019 జనవరిలో వారి దావాను కొట్టివేశారు. సర్టిఫికెట్ ఇచ్చిన రీనా మీద ఇటలీలో ఫిర్యాదు చేశారు. నెలల తరబడి చర్చలు జరిగాయి. చివరికి ఒప్పందం మీద రీనా సంతకం చేయలేదు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేయడానికి మాత్రం అంత ఆలోచించినట్టు కనిపించదు.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నామంటే, ఆ ప్రైవేటు తనిఖీ మన చట్టంలోకి కూడా ప్రవేశించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య నియమావళిలో కొన్ని తరగతుల సంస్థలకు మూడో పక్షం వారిచేత ఆడిట్ చేయించి సర్టిఫికెట్ ఇప్పించే వీలు కల్పించారు. లేబర్ ఇన్‌స్పెక్టర్ పేరుకు ఫెసిలిటేటర్, అనగా సౌకర్యం కల్పించేవాడు, అన్న మాటను జతచేశారు. పాత ఇన్‌స్పెక్టర్ల లంచగొండితనం మాకు తెలియనిది కాదు, వారిని సమర్థించడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ మూడో పక్షానికి ఫీజు ఎవరిస్తారు, వారు రాసిన నివేదిక ఎవరు చదువుతారు, వారు తప్పు రాస్తే ఏ కోర్టు పిలుస్తుంది అని మన శాసనసభ్యులను, మన కార్మిక సంఘాలను ఇప్పుడే అడగాలి. కనీసం ఆ నివేదిక ఫ్యాక్టరీ గేటు మీద, లోపల పనిచేసేవారు చదవగలిగే భాషల్లో, తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఒడియాలో అంటించి ఉండాలి. ఏ తలుపుకు తాళం ఉందో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో సహా.